స్కూలు సెలవులు ఒక లెక్క, గోదారిది ఇంకో లెక్క

ఈ వారం ఎపిసోడ్‌లో నది గురించి మాట్లాడుకున్నాం. గంటలో చెప్పలేకపోయినవి, కొంచెం నిదానంగా చెప్పాల్సినవి ఇక్కడ రాస్తున్నాను. వినని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ మొదలుపెడతాను.

కిందటి వేసవిలో ట్రాయ్ నుంచి మూడు కుటుంబాలం ఐ-75 ఎక్కి ఉత్తరానికి, రైఫిల్ నదికి వెళ్ళాం. రెండు గంటల పైన ప్రయాణం. ట్యూబులు అద్దెకిచ్చేవాళ్ళు మమ్మల్ని ఓ పాత స్కూలు బస్సులో ఎక్కించి, నది పైభాగంలో దింపేశారు. అక్కణ్ణుంచి నీళ్ళే మోసుకొచ్చాయి. చాలాచోట్ల నడుం లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. పులిహోర డబ్బా ఒక ట్యూబులో, పిల్లలు నాలుగు ట్యూబుల్లో. తిరిగొస్తుంటే మావాడు వెనక సీట్లోంచి అడిగాడు: "నాన్నా, అమ్మమ్మ వాళ్ళ దగ్గర ఇంతకన్నా పెద్ద నది ఉంది కదా, అక్కడ ట్యూబింగ్ చెయ్యచ్చా?"

బాగుందే అనిపించింది. ఆ రాత్రే కూర్చుని ప్లాన్ వేశాను. వచ్చే జూలైలో ఇండియా. రాజమండ్రి నుంచి పొద్దున్నే బయల్దేరి రంపచోడవరం, అక్కణ్ణుంచి మారేడుమిల్లి. జలపాతం కింద స్నానాలు, మధ్యాహ్నం భోజనం, తిరుగుదారిలో గోదారి ఒడ్డున ట్యూబులు. అంతా ఒక్క రోజులో. రాజమండ్రిలో ఉన్న మా మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. పొద్దున లేచేసరికి వాయిస్ మెసేజ్ ఉంది.

"ఒరేయ్, జూలైలో గోదార్లోకి ట్యూబేసుకుని దిగుతావా? అది ఎర్రనీళ్ళ నెలరా. నీకు అమెరికా వాళ్ళు సెలవులిచ్చారు గానీ, గోదారికి ఎవరిచ్చారు?"

నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయింది. ఆయన అన్నమాట ఎంత నిజమో చూద్దామని చదవడం మొదలుపెడితే అదే ఈ ఎపిసోడ్ అయింది.

మిషిగన్‌లో నీళ్ళకోసం స్కూలు జరిగింది

ముందు మన ఇంటి దగ్గర సంగతి. మిషిగన్‌లో 2005లో ఒక చట్టం చేశారు. 2006-07 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ స్కూళ్ళు లేబర్ డే దాటాకే తెరవాలి అని. ఇప్పుడు చాలా జిల్లాలు మినహాయింపులు తీసుకుని ఆగస్టులోనే తెరుస్తున్నాయి, అది వేరే విషయం. ఆ చట్టం వెనక ఉన్న కారణం చదువు కాదు, టూరిజం. ఆగస్టు చివరిదాకా కుటుంబాలు సరస్సులకీ నదులకీ వెళ్ళాలి, అక్కడి ఊళ్ళకి నాలుగు డబ్బులు రావాలి. అంటే ఇక్కడ నీళ్ళు బాగుండే కాలాన్ని చూసి బడి క్యాలెండర్‌ని జరిపారు.

ఇక్కడి నదులు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. ట్రాయ్ నుంచి మూడు గంటల దూరంలో గ్రేలింగ్ మీదుగా పారే ఆ సేబుల్ నదినే తీసుకోండి. హిమానీనదాలు వదిలి వెళ్ళిన ఇసుక నేలలు అవి. పడిన వాన, కరిగిన మంచు ఆ ఇసుకలోకి ఇంకి, ఊటలుగా కొంచెం కొంచెంగా నదిలోకి వస్తాయి. అందుకే ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరు. మయో అనే ఊరి దగ్గర సగటు ప్రవాహం సుమారు వెయ్యి క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. ఈ వెయ్యి అంకెని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నది మీదే పైన్ దుంగల్ని కొట్టి, హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్లులదాకా తేల్చుకుపోయేవాళ్ళు. అడవి అయిపోయింది, దుంగలు ఆగిపోయాయి. 1947 నుంచి అదే నది మీద గ్రేలింగ్ నుంచి ఆస్కోడా దాకా రాత్రంతా కనూ పందెం జరుగుతోంది. పని చేసిన నది విహారానికి పనికొచ్చింది.

గోదావరి కథ కూడా ఇంతవరకూ ఇలాంటిదే. పాపికొండల అడవుల్లోంచి వెదురూ కలపా తెప్పలు కట్టి రాజమండ్రికి దింపేవాళ్ళు. ఆ కొండల్లోని కొండరెడ్ల జీవితం గురించి ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో ఓ పుస్తకమే వేశాడు. ఇప్పుడు అదే దారిలో టూరిస్టు లాంచీలు. కానీ పోలిక అక్కడితో సరి. మిగతాదంతా తేడానే.

ఇరవై ఏళ్ళు పోట్లాడి ఓడిన ఇంజనీర్లు

గోదావరి 1,465 కిలోమీటర్ల నది. కానీ అది ఏడాదంతా ఒకే నది కాదు. మొత్తం నీటిలో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే వచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక తిన్నెలు బయటపడి, చాలాచోట్ల మనుషులు నడిచి దాటుతారు.

ఈ సంగతి తెలిసి కూడా దాన్ని మార్చాలని చూసినవాళ్ళున్నారు. కాటన్ దొర అంటే మనకి ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852కి పూర్తయింది, కోస్తా కడుపు నింపింది. ఆయనకి ఇంకో పెద్ద కల ఉండేది. బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రందాకా తేవాలని. అడ్డంగా మూడు చోట్ల రాళ్ళ అడ్డంకులున్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, పక్కన కాలవ, లాకులు కట్టారు. పైన ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ఇంకా పైన మూడోది. హేగ్ అనే ఇంజనీరు ఆ పనులు చూశాడు. అడవి జ్వరాలు, ఖర్చు, కూలీల కొరత ఒక పక్క. వానల్లో తోసుకొచ్చే వరద, ఎండల్లో పడవ తేలని నీరు ఇంకో పక్క. 1867కి బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది.

సామ్రాజ్యం డబ్బు పెట్టి, తన ఇంజనీర్లని పంపి, సుమారు ఇరవై ఏళ్ళు ఆ ఊహ చుట్టూ తిరిగినా గోదారి తన నెలలు మార్చుకోలేదు. మనం రెండు వారాల సెలవు మీద వెళ్ళి ఏం మారుస్తాం?

కాలవలో ఈదిన వాళ్ళకి తెలిసిన సంగతి

ట్యూబింగ్ అనేది అమెరికా వచ్చాక నేర్చుకున్న కొత్త సరదా అనుకుంటాం. డెల్టాలో పుట్టిన వాళ్ళని అడగండి. మా నాన్నగారి తరం వాళ్ళు ఎండిన సొరకాయ బుర్రలో, జీలుగు బెండో నడుముకి కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నారు. డన్‌లప్ 1888లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. కొన్ని దశాబ్దాలకి లారీలొచ్చాయి, లారీలతోపాటు ట్యూబులొచ్చాయి, పంక్చరు షాపులొచ్చాయి. మా తరం వాళ్ళు అతుకులేసిన లారీ ట్యూబు మీద పడుకుని వంతెన నుంచి వంతెనకి తేలాం. దానికి పేరు లేదు, టికెట్టూ లేదు.

కానీ దానికో క్యాలెండర్ ఉండేది, అదెవరూ రాసిపెట్టలేదు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మరమ్మతులకి. జూన్‌లో మళ్ళీ వదులుతారు. వదిలిన కొత్తలో దిగకూడదు. లాకుల దగ్గర, నీళ్ళు కిందికి దూకే చోట్ల ఎప్పుడూ దిగకూడదు. గోదారి ఎర్రబడితే ఒడ్డు మెట్ల మీంచి చెంబుతో పోసుకోవడమే, మొల లోతుకి వెళ్ళేది లేదు. ఈ మాటలు చెప్పడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఒడ్డునే ఉండేవాళ్ళు. బట్టలుతికే ఆవిడో, పడవ కట్టేసుకునే ఆయనో, "ఒరేయ్, ఇవాళొద్దు, పైకి రండి" అనేవాళ్ళు.

మనం ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఈత మనతోపాటు వచ్చింది. ఆ గొంతు మాత్రం అక్కడే ఉండిపోయింది.

కచ్చులూరు, 2019 సెప్టెంబరు 15

ఆ రోజు ఆదివారం. దేవీపట్నం దగ్గర గండి పోచమ్మ గుడి నుంచి రాయల్ వశిష్ఠ అనే టూరిస్టు బోటు పాపికొండలకి బయల్దేరింది. అప్పుడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న వెయ్యి క్యూసెక్కులకి ఇది అయిదు వందల రెట్లు. ఇంకో మాట. రాజమండ్రి దగ్గర పాత హావ్‌లాక్ వంతెన పొడుగు దాదాపు 2.7 కిలోమీటర్లు, నది అక్కడ అంత వెడల్పు. పాపికొండల దగ్గర అదే నది రెండు కొండల మధ్య కొన్ని వందల మీటర్లకి కుదించుకుపోతుంది. అంత నీరూ ఆ సందులోంచే వెళ్ళాలి. అందుకే అక్కడ లోతు, వడి, సుడిగుండాలు.

కచ్చులూరు మందం దగ్గర బోటు తిరగబడింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బతికారు. వాళ్ళని ముందుగా చేరుకున్నది కచ్చులూరు గిరిజనులు, తమ చిన్న పడవల మీద.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. రెండు వందల అడుగుల పైన లోతులో ఉన్న బోటుని తియ్యడం నిపుణుల బృందాల వల్ల కాలేదు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో వారాల తరబడి ప్రయత్నించింది. వరద తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, అక్టోబరు 22న బయటికి తీసింది. నది తగ్గేదాకా ఆగడమే వాళ్ళ పనిలో సగం. ఆ తర్వాతే బోట్లకి కంట్రోల్ రూములు, అనుమతులు, వరద మట్టాన్ని బట్టి ఆపేయడాలు గట్టిగా వచ్చాయి. అంటే ఒడ్డున ఉండి "ఇవాళొద్దు" అనే గొంతుని ప్రభుత్వం ఉద్యోగంగా పెట్టాల్సి వచ్చింది.

వాన లేకుండా వచ్చే వరద

"సరే, వానాకాలంలో వెళ్ళం" అంటే సరిపోతుందా? సరిపోదు. 2014 జూన్ 8. హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ ప్రదేశ్‌లో, మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వాన లేదు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వచ్చిన టూరు ఆపరేటరు ఒకరు కొట్టుకుపోయారు. మన తెలుగిళ్ళలో ఆ వీడియో చూడని వాళ్ళు తక్కువ.

డ్యాము కింద నది అంటే దానికి మూడో క్యాలెండర్ ఉన్నట్టు. కరెంటు అవసరం ఎప్పుడుంటే అప్పుడు నీళ్ళు. ఇదే సంగతిని బాగా వాడుకున్న చోటూ ఉంది. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక నది మీద రాఫ్టింగ్ నడిచేదే భీరా జలవిద్యుత్ కేంద్రం పొద్దున వదిలే నీళ్ళ మీద. నీళ్ళు ఎప్పుడొస్తాయో నిర్వాహకులకి తెలుసు, దాన్ని బట్టే తెప్పలు దింపుతారు. బియాస్‌లోనూ డ్యాము నీళ్ళే. అక్కడ పిల్లలకి తెలియలేదు, చెప్పేవాళ్ళూ లేకపోయారు.

ఉష్ణమండలంలో ట్యూబింగ్ అనగానే చాలామంది చెప్పే ఊరు లావోస్‌లోని వాంగ్ వియెంగ్. 1999లో అక్కడ ఒక పొలం యజమాని తన దగ్గర పనిచేసే వాలంటీర్లు సేదదీరడానికి కొన్ని ట్యూబులు కొని నామ్ సాంగ్ నదిలో వదిలాడు. పదేళ్ళలో అది ప్రపంచ యువతకి తిరునాళ్ళయింది. ఒడ్డు పొడుగునా బార్లు, నీళ్ళలోకి దూకే ఊయలలు. 2011లో ఒక్క ఆ ఊరి ఆసుపత్రిలోనే 27 మరణాలు నమోదయ్యాయి. 2012లో ప్రభుత్వం ఆ బార్లు మూయించింది. నది అదే, ట్యూబులూ అవే. మొదట్లో ఆ నది తెలిసిన మనిషి చేతిలో ఉండేవి, తర్వాత ఎవరి చేతిలోనూ లేకుండా పోయాయి.

మరి ఎలా వెళ్ళాలి?

ఎపిసోడ్ రికార్డు చేశాక ట్రాయ్‌లో భారతీయ టెంపుల్ దగ్గర కనిపించిన ఒక మిత్రుడు, "అయితే వెళ్ళొద్దంటారా?" అని అడిగారు. అలా అనను. జలపాతం చూడని పిల్లలకి మన కొండలు ఏం తెలుస్తాయి? వెళ్ళాలి. కాకపోతే మూడు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని వెళ్ళాలి.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే జలపాతాలు చూడ్డానికే. ములుగు జిల్లాలో బొగత, ఆదిలాబాదు వైపు కుంటాల, మారేడుమిల్లి జలతరంగిణి అప్పుడే నిండుగా ఉంటాయి. దూరం నుంచి చూసి రండి. కుంటాల కింద మడుగుల్లో చాలామంది ప్రాణాలు పోయాయి. పైకి నిశ్చలంగా కనిపించే నీళ్ళ కింద రాతి గుంటలూ సుళ్ళూ ఉంటాయి.

కొండవాగులకి కొలబద్దలుండవు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే కాసేపట్లో వాగు పొంగుతుంది. నీళ్ళు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా, చెప్పులూ ఫోనూ వదిలేసి గట్టెక్కాలి.

పెద్ద గోదావరికి మాత్రం కొలబద్ద ఉంది, అది అమెరికాలో కూర్చుని కూడా చూడచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. కేంద్ర జలసంఘం ఈ మట్టాలు రోజూ ఇస్తుంది. భద్రాచలం కిందే కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది, కాబట్టి పాపికొండల దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎక్కువ నీరు. పైగా 2021 జూన్ నుంచి పోలవరం దగ్గర నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఎగువన నీళ్ళు నిలిచే తీరు మారింది. "మా చిన్నప్పుడు ఇక్కడ దిగేవాళ్ళం" అనే మాట ఇప్పుడు అక్కడ చెల్లదు. ఆ ఒడ్డున ఉన్న ఊళ్ళే చాలావరకు ఖాళీ అయ్యాయి.

డిసెంబరు సెలవులైతే లెక్క మారుతుంది. గోదావరి తేరుకుని ఉంటుంది, మారేడుమిల్లి చల్లగా ఉంటుంది, వాగుల్లో ఇంకా పారే నీరుంటుంది. తిరుపతి వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి. అక్కడ ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 270 అడుగుల తలకోన నిండుగా కనిపించేది ఆ రోజుల్లోనే. తుపాను కబురు మాత్రం ముందు చూసుకోవాలి. ఒకే రాష్ట్రంలో రెండు కొసలకి రెండు వానాకాలాలు.

చివరిది, అన్నిటికన్నా తేలికైనది. దిగే ముందు ఆ ఊరి మనిషిని అడగండి. రిసార్టు వాళ్ళని కాదు, డ్రైవర్నీ కాదు. అక్కడ గేదెలు తోలుకొచ్చే ఆయన్ని, చేపలు పట్టే ఆయన్ని. "ఇక్కడ దిగచ్చాండీ?" అని ఒక్క ముక్క. ఆయన వద్దంటే వాదించకండి. మనం మైళ్ళ లెక్కన వేలు దాటి వచ్చాం, మళ్ళీ రెండేళ్ళదాకా రాలేం అన్నది మన బాధ. నీళ్ళకి అది తెలియదు.

మా ప్లాన్ ఏమైందంటే, జూలై టిక్కెట్లు కొనలేదు. ఆ నెల పిల్లలు మళ్ళీ రైఫిల్ నదికే వెళ్తారు. ఇండియాకి డిసెంబరులో. మావయ్యకి ఆ మాట చెప్తే, "రండి, సంక్రాంతి దాకా ఉండలేరు గానీ, మారేడుమిల్లి నేనూ వస్తాను. ఎక్కడ దిగాలో నేను చూపిస్తా" అన్నారు. ఆయనకి డెబ్బై రెండేళ్ళు. ట్యూబు ఎక్కనన్నారు, ఒడ్డున కూర్చుంటారట.

మీ ఊళ్ళో కాలవ ఏ నెలలో కట్టేసేవాళ్ళో, ఎక్కడ దిగొద్దని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళో గుర్తుంటే మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం. ఆ మాటలు గుర్తున్నవాళ్ళు ఉండగానే ఒకచోట పెట్టుకుందాం.